బడికి వంటగది ఉంది, వంట పాఠం లేదు

(డొక్కా సీతమ్మ గారి స్మృతిలో క్రోసూరులో చేసిన ప్రసంగ పాఠం)



సీతమ్మ గారి పేరున మాట్లాడమని పిలిచినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసే దాకా ఆకలితో గుమ్మం ఎక్కినవాడికి అన్నం పెట్టిన తల్లి ఆమె. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు ఆ ఇల్లు రేవు దాటగానే కనిపించే ఆశ. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి పిలుపు వస్తే ఆమె వెళ్లలేదనీ, అందుకని ఫోటో తీయించి పంపారనీ గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె దానగుణం గురించి మనందరికీ తెలుసు. ఇవాళ నేను ఆమె నేర్పు గురించి మాట్లాడతాను.

ఒక్కసారి ఆలోచించండి. ఈ పూట ఎంతమంది వస్తారో తెలియదు. వరద రోజు పడవ ఆగిపోతే పదిమంది బదులు అరవైమంది దిగుతారు. అర్ధరాత్రి తలుపు తడతారు. కొట్లో ఎన్ని బస్తాల బియ్యం ఉన్నాయో, పెరట్లో ఏ కూర ఉందో, కందిపప్పు తక్కువైతే దాంట్లో ఏ ఆకు కలిపితే అందరికీ అందుతుందో, ఎసరు ఎప్పుడు పెడితే వచ్చినవాడు కాళ్లు కడుక్కునేలోపు అన్నం ఉడుకుతుందో ఆమెకు తెలిసి ఉండాలి. పెట్టాలన్న మనసు ఒక్కటే ఉంటే ఆ ఇల్లు ఏడాది కూడా నడిచేది కాదు. ఆమె తండ్రి భవానీశంకరం గారిని ఊరివాళ్లు ‘బువ్వన్న’ అని పిలిచేవారట. ఆ ఇంట్లో పుట్టింది కాబట్టి ఆ నేర్పు ఆమెకు వచ్చింది. అలాంటి ఇంట్లో పుట్టని పిల్లకి, పుట్టని పిల్లవాడికి ఆ నేర్పు ఎక్కడ దొరకాలి? బడిలో దొరకాలి అంటాను నేను.

క్రోసూరుకి బడి సంగతులు కొత్త కాదు. 2023 జూన్ 12న రాష్ట్రం మొత్తానికి ఆ ఏటి విద్యా కానుక పంపిణీ మొదలైంది ఇక్కడి నుంచే. యూనిఫాం బట్ట, బూట్లు, బెల్టు, సంచి, నోటు పుస్తకాలు, రెండు భాషల్లో పాఠ్యపుస్తకాలు, డిక్షనరీ ఆ కిట్‌లో ఉన్నాయి. బడికి వచ్చే బిడ్డకు ఏమేం కావాలో ప్రభుత్వాలు చాలా దూరమే ఆలోచించాయి. అన్నం సంగతి అంతకంటే ముందే ఆలోచించాయి.

ఆ కథ కొంచెం చెప్పనివ్వండి. 1995 ఆగస్టు 15న కేంద్రం మధ్యాహ్న భోజన పథకం మొదలుపెట్టినప్పుడు చాలా రాష్ట్రాల్లో పిల్లలకు ఇచ్చింది బియ్యమే. నెలకింత అని కొలిచి సంచిలో పోసి ఇంటికి పంపేవారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు అలా కుదరదంది, వండి పెట్టమంది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బడుల్లో పొయ్యి వెలిగింది. 2008 నాటికి హైస్కూలు పిల్లలకూ వచ్చింది. 2020 జనవరిలో గోరుముద్ద పేరుతో రోజుకో రకం వంట, వారంలో అయిదు రోజులు గుడ్డు, చిక్కీ వచ్చాయి. 2023 మార్చిలో రాగి జావ చేరింది. 2024లో పథకానికి సీతమ్మ గారి పేరు పెట్టారు, 2025 జనవరిలో జూనియర్ కాలేజీలకూ విస్తరించారు, ఆ జూన్‌లో సన్నబియ్యం వచ్చాయి. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి, పళ్లెం మాత్రం ఆగలేదు. దీన్ని చిన్న విషయంగా నేను ఎన్నడూ చూడను. పరగడుపున వచ్చి రెండో పీరియడ్‌కే బల్ల మీద తల వాల్చేసే పిల్లల్ని చూసిన ఉపాధ్యాయుడిని నేను. బడిలో అన్నం వచ్చాక ఆ తలలు లేచాయి.

అయితే ఇన్నేళ్లుగా ఆ వంటగదికీ తరగతి గదికీ మధ్య గోడ అలాగే ఉంది. బిడ్డ ఒకటో తరగతిలో పళ్లెం పట్టుకుని వరసలో నిలబడతాడు, పదో తరగతిలోనూ అదే వరసలో నిలబడతాడు. పదేళ్లు ఆ పొయ్యి వాసన పీల్చి కూడా పప్పు ఎలా ఉడుకుతుందో తెలియకుండా బయటికి వెళతాడు. హాస్టళ్లలో మరీను. 1972లో మొదలైన తాడికొండ గురుకులం నుంచి నిన్నమొన్నటి గురుకులాల దాకా ఎన్ని వేలమంది మన పిల్లలు మూడు పూటలా అక్కడే తిని పెద్దవాళ్లయ్యారు! వాళ్లలో ఎంతమందిని వంటశాలలోకి పిలిచి, ఇదిగో ఇలా వండుతారు నాన్నా అని చూపించాం?

నేను చాలా ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. అప్పట్లో పదో తరగతి పుస్తకంలో మొదటి పాఠమే పోషణ. పిల్లలు అద్భుతంగా అప్పజెప్పేవారు. ఏ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరుగుతాయి. ఏ లోపిస్తే రేచీకటి. ఇనుము లోపిస్తే రక్తహీనత. క్వాషియోర్కర్, మెరాస్మస్ తేడాలు పట్టిక గీసి రాసేవారు. అదే పిల్లని, అమ్మా, మునగాకు కూరలో నూనెచుక్క ఎందుకు వేయాలి, వేయకపోతే ఏం పోతుంది అంటే తెల్లమొహం వేసేది. కొవ్వులో కరిగే విటమిన్ గురించి నాలుగు మార్కుల జవాబు ఆమె నోట్లో ఉంది. ఆ మునగాకు మా బడి గోడ పక్కనే చెట్టున ఉంది. రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ కలుసుకోలేదు.

ఈ దూరం వల్ల జరిగేది చిన్న నష్టం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 60 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. గోంగూర, తోటకూర, మునగ, నువ్వులు, బెల్లం, వేరుశనగ దొరికే నేల మీద ఇది. డబ్బు లేకపోవడం ఒక కారణం, కాదనను. ఆడపిల్లకి ఆఖరున పెట్టడం ఇంకో కారణం. కానీ ఆకుకూర పప్పు తింటూ నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి ఎక్కువ పడుతుందనీ, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము అంతగా పట్టదనీ తెలియకపోవడానికి డబ్బుతో సంబంధం లేదు. పొలం నుంచి వచ్చి గబగబా రెండు ముద్దలు తిని వెంటనే టీ గ్లాసు అందుకునే ఇళ్లు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. మరోవైపు ఇంకో జబ్బు మొదలైంది. దేశంలో మొత్తం రోగభారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లేనని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చెప్పాయి. రక్తం లేని తల్లి, షుగర్ ఉన్న తండ్రి, చేతిలో అయిదు రూపాయల చిప్స్ పొట్లంతో బిడ్డ, ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

మన పల్నాడు తిండి గురించి ఒక మాట. శ్రీనాథుడు ఈ సీమకు వచ్చి, ఎక్కడ చూసినా జొన్నలే, సన్నన్నం దొరకదని చాటువులో వాపోయాడని మనం నవ్వుకుంటూ చెప్పుకుంటాం. నాగార్జునసాగర్ 1967లో పూర్తయి కుడి కాలువకు నీళ్లు వచ్చాక వరి వచ్చింది, రేషన్ బియ్యం వచ్చాయి, జొన్న వెనక్కి వెళ్లింది. తెల్లన్నం తినడం మన తాతల కల. అది నెరవేరినందుకు సంతోషమే. కానీ జొన్నతో పాటు ఒక చేతిపని కూడా పోయింది. జొన్నరొట్టె చేయడం గోధుమ చపాతీ ఒత్తినట్టు కాదు. ఆ పిండికి సాగే గుణం లేదు. మరిగే నీళ్లు పోసి కలపాలి, వేడి ఉండగానే అరచేతి మడమతో నూరినట్టు పిసకాలి, కర్ర పెట్టకుండా చేత్తో తట్టాలి, పెనం మీద వేశాక పైన తడి అద్దాలి. మా అమ్మ తరం వరకు ఇది ఎవరూ నేర్పకుండానే వచ్చేది. ఇప్పుడు మనవలకు జొన్నరొట్టె తినాలంటే బజార్లో బండి దగ్గరికి వెళ్లాలి. డాక్టరు తినమన్నాడని కొనుక్కునేది అయిపోయింది, ఒకప్పుడు ఇంట్లో రోజూ చేసుకున్నది.

ఇక వంట పాఠం అంటే నా ఉద్దేశం ఏమిటో చెబుతాను. రాగి జావతో మొదలుపెడదాం, అది ఎలాగూ బడిలో కాస్తున్నారు కాబట్టి.

ఆరో తరగతి పిల్లలు పదిమంది. రెండు గిన్నెల్లో నీళ్లు. ఒక గిన్నెలో నీళ్లు మరుగుతుండగా పొడి రాగిపిండి నేరుగా వేయమనండి. ఉండలు కడతాయి. ఒక ఉండ తీసి చిదిమితే లోపల పొడిపిండి అలాగే ఉంటుంది. ఇంకో గిన్నెకు పిండిని ముందు చల్లనీళ్లలో జారుగా కలిపి, ఆ తరవాత మరిగే నీళ్లలో పోస్తూ గరిటె తిప్పమనండి. ఉండ కట్టదు. ఇప్పుడు ఎందుకు అని అడగండి. పిండి రేణువుకి వేడినీరు తగలగానే అది నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఉండ పైపొర జిగురై లోపలికి నీరు వెళ్లకుండా మూసేస్తుంది. చల్లనీళ్లలో రేణువులన్నీ ముందే విడివిడిగా తడిశాయి కాబట్టి వేడి తగిలినప్పుడు దేనికది ఉబ్బుతుంది. ఇది రసాయన శాస్త్రం. తరవాత పదిమందికి ఎంత పిండి, నూటయాభై మందికి ఎంత, బెల్లం ఎంత, గ్లాసుకు ఎంత ఖర్చు పడింది అనేది లెక్కల పాఠం. తెలుగు మేష్టారు వచ్చి, ఈ జావ చేసే పద్ధతిని ఎవరూ చూడకపోయినా చదివి చేసుకునేలా పది వాక్యాల్లో రాయమంటే అంతకంటే మంచి వ్యాస రచన ఏముంటుంది? పిల్లవాడు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి చెల్లెలికి జావ కాచి ఇస్తాడు. ఏ హోంవర్కూ ఇంత నమ్మకంగా ఇంటికి చేరదు.

ఎనిమిదో తరగతికి పప్పు. వంటామె పప్పు గింజ ఒకటి గరిటెతో తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూస్తుంది. మెత్తగా అణగాలి, మధ్యలో పలుకు తగలకూడదు. అప్పుడే చింతపండు పులుసు పోస్తుంది. ముందే పోస్తే పప్పు గంటసేపు కూర్చున్నా ఉడకదు, పులుపు గింజ గోడని గట్టిగానే ఉంచుతుంది. ఆమెకు ఇది వేళ్ల కొసల్లో తెలుసు. కారణం సైన్సు మాస్టారికి తెలుసు. ఇద్దరూ ఒకే గదిలో ఒకే గిన్నె దగ్గర నిలబడితే పిల్లలకు రెండూ వస్తాయి. ప్రాథమిక తరగతి బిడ్డకు పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150, 30, 75 గ్రాములు అని పథకం కొలత. ఆ తూకం పిల్లల చేతే వేయించండి. 2025 మే నుంచి కేంద్రం లెక్కలో బియ్యం కాక మిగతా సరుకులకు చిన్న తరగతుల బిడ్డకు పూటకు 6 రూపాయల 78 పైసలు, పెద్ద తరగతులకు 10 రూపాయల 17 పైసలు. ఆ డబ్బుతో బజారుకు వెళ్లి ఏం వస్తుందో కొనుక్కు రమ్మనండి. ధర అంటే ఏమిటో, అమ్మ రోజూ ఏం లెక్క వేస్తోందో పిల్లలకు ఆ రోజు తెలుస్తుంది.

మన మిరపకాయ ఉంది. ఈ చుట్టుపక్కల పొలాల్లో పండి గుంటూరు యార్డుకు వెళ్లి దేశదేశాలు తిరిగే కాయ. కారం కల్తీ ఎలా పట్టుకోవాలో మన పిల్లలకు కాక ఇంకెవరికి తెలియాలి? గాజుగ్లాసు నిండా నీళ్లు తీసుకుని పైన చెంచాడు కారం చల్లాలి, కదపకూడదు. కృత్రిమ రంగు కలిపి ఉంటే ఎర్రటి చారలు నీళ్లలోకి జారుతూ దిగుతాయి. అడుగున చేరినదాన్ని వేళ్లతో నలిపితే ఇసుకలా గరగరలాడితే ఇటుకపొడో మరొకటో ఉన్నట్టు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఇంట్లో చేసుకోమని చెప్పిన పరీక్షే ఇది. గ్లాసు ఒకటి, నీళ్లు, అయిదు నిమిషాలు చాలు. పొట్లం వెనక అచ్చేసిన ఉప్పు, చక్కెర, కొవ్వు లెక్కలు చదవడం, తేదీ చూడడం కూడా ఈ పాఠంలోదే.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. మొదటిది ప్రమాదం. పిల్లల్ని మంట దగ్గరికి పంపుతారా అంటారు. తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నే. 2004 జూలై 16న కుంభకోణంలో బడి వంటపాక నుంచి లేచిన మంటలు 94 మంది పిల్లల్ని పొట్టన పెట్టుకున్నాయి. సరిగ్గా అదే తేదీన, 2013 జూలై 16న, బీహార్ ఛప్రా దగ్గర ఒక బడిలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది చనిపోయారు. నూనె వాసన తేడాగా ఉందని వంటామె అన్నదని అప్పటి వార్తలు రాశాయి. ఆ పిల్లలెవరూ వంట నేర్చుకుంటూ చనిపోలేదు, అన్నం కోసం కూర్చుని చనిపోయారు. పురుగుమందు డబ్బా కడిగి ఇంట్లో నూనెకో నీళ్లకో వాడుకునే అలవాటు పత్తి, మిరప పండే మన ఊళ్లలో లేదని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? ఆ డబ్బా ఎందుకు వాడకూడదో, నూనె చెడితే వాసన ఎలా ఉంటుందో, గ్యాస్ లీకైతే ముందు కిటికీ తీయాలని, కాగే నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత పెట్టాలని తెలిసిన పిల్లలు ఇంటిని కాపాడతారు. మొదటి ఏడాది పొయ్యి అక్కర్లేదు కూడా. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి తెచ్చిన ‘కౌశల్ బోధ్’ పుస్తకంలో మంట లేని వంట ఒక ప్రాజెక్టుగా ఉంది, బడి పెరటి తోట ఇంకొకటి. మంచి మొదలు. అక్కడే ఆగిపోతే మాత్రం నేను ఒప్పుకోను. మొలకల చాట్, నిమ్మరసం దగ్గర ఆగిన పిల్లవాడికి రేపు ఇంట్లో జ్వరంతో ఉన్న అమ్మకి గంజి కాచి పోయడం రాదు.

రెండోది, మగపిల్లల సంగతి. మా వాడు గరిటె పట్టుకోవడమేమిటి అనే తండ్రులు ఇంకా ఉన్నారు. పురాణాల్లో వంటకు పేరు పడింది నలుడికీ, భీముడికీ. విరాటుడి కొలువులో వలలుడి పేరుతో గరిటె తిప్పింది ఆ భీముడే. ఇవాళ పెళ్లిళ్లలో గుండిగల దగ్గర నిలబడేది ఎక్కువగా మగవాళ్లే. డబ్బు వచ్చే చోట వంట మగవాడిది, ఇంట్లో ఊరికే చేసే చోట ఆడదానిది అయింది. 2024 కాల వినియోగ సర్వేలో ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వాటి మీద పెడుతుంటే, ఆ పనులు చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. జపాన్‌లో ఒకప్పుడు గృహవిజ్ఞానం ఆడపిల్లల సబ్జెక్టే. 1993లో మిడిల్ స్కూళ్లలో, 1994లో హైస్కూళ్లలో మగపిల్లలకూ తప్పనిసరి చేశారు. 2005లో ఆహార విద్యకు ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. అక్కడి బడుల్లో పిల్లలే తెల్లటి ఏప్రన్లు కట్టుకుని తోటివాళ్లకు భోజనం వడ్డిస్తారు. ఇంగ్లండ్‌లో 2014 సెప్టెంబరు నుంచి పద్నాలుగేళ్ల వయసు దాకా వంట పాఠ్యప్రణాళికలో భాగం. మన పిల్లవాడికీ ఆ అవసరం వస్తుంది, కాస్త ఆలస్యంగా. ఇంజనీరింగ్‌కి విజయవాడ, ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లి కర్రీ పాయింట్ పొట్లాలతో పదేళ్లు బతుకుతాడు. ఎమ్మెస్‌కి డల్లాస్ వెళ్లేటప్పుడు అమ్మ పెట్టెలో కుక్కరు, గోంగూర పచ్చడి, కందిపొడి సర్ది, ఎయిర్‌పోర్టు దారిలో కారులో కూర్చుని ఎసరు కొలత చెబుతుంది. ఆ పాఠం పదమూడో ఏట జరగవలసింది.

మూడో అభ్యంతరమే నన్ను ఎక్కువగా ఆపింది. వంట నేర్పడం పేరుతో పిల్లల చేత చాకిరీ చేయిస్తారేమో అన్నది. ఈ భయానికి ఆధారం ఉంది. హాస్టళ్లలో కూరగాయలు తరగమని, అంట్లు తోమమని పిల్లల్ని పంపిన సంగతులు మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఎవరిని పంపుతారు? ఆడపిల్లల్ని పంపుతారు, దళిత పిల్లల్ని పంపుతారు. కాబట్టి గీత గట్టిగా గీయాలి. టైంటేబుల్‌లో పీరియడ్ ఉండాలి. టీచరు పక్కన ఉండాలి. ఆ పీరియడ్‌లో వండేది చిన్న గిన్నె, బడి మొత్తానికి వండే గుండిగ జోలికి పిల్లలు పోకూడదు. తరిగేవాడు, కడిగేవాడు, వడ్డించేవాడు వంతులవారీగా మారాలి, ఆ వంతులు గోడ మీద రాసి ఉండాలి. వంటమనిషి రాలేదని పిల్లల్ని లోపలికి పంపిన రోజు అది పాఠం కాదు, నేరం. సేవాగ్రామ్‌లో గాంధీగారి నయీ తాలీం బడిలో పిల్లలు వంతుల ప్రకారం వంటశాల పనులు చూసేవారు, సరుకుల లెక్క రాసేవారు, ఆ లెక్కతోనే గణితం చెప్పుకునేవారు. అక్కడ అన్ని కులాల పిల్లలూ అన్ని పనులూ చేశారు. వంతు అందరిదీ అయినప్పుడే అది చదువు అవుతుంది.

పల్నాటివాళ్లకు ఈ మాట విడిగా చెప్పనక్కర్లేదు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే గడ్డ ఇది. కారెంపూడి వీరుల తిరునాళ్లలో ఇప్పటికీ ఆ బంతి సాగుతోంది. కలిసి తినడం అంత పెద్ద సంగతి కాబట్టే అన్ని వందల ఏళ్లు జనం గుర్తు పెట్టుకున్నారు. కానీ కలిసి తినేవాళ్లు కూడా ఎవరు వండారు అన్న దగ్గర ఆగిపోతారు. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు బడి వంటకు దళితులకు, ఆదివాసీలకు ముందు అవకాశం ఇవ్వమని చెప్పవలసి వచ్చింది. ఆ తరవాత కూడా దళిత స్త్రీ వండిందని బిడ్డల్ని తిననివ్వని ఊళ్ల సంగతి దేశంలో ఏదో ఒక మూల నుంచి వస్తూనే ఉంది. పన్నెండేళ్ల వయసులో ఒకడు తరిగిన ఉల్లిపాయ ఇంకొకడు వేయించి, మూడో పిల్ల ఉప్పు చూసి, నలుగురూ ఆ గిన్నెలోదే తిన్న పిల్లలకు ఆ పట్టింపు నేర్పడం పెద్దవాళ్ల వల్ల అంత తేలిగ్గా కాదు. వంట పాఠం కావాలనడానికి నా వరకు ఇదొక్కటే చాలు. మిగతావన్నీ లాభాలు.

మరి ఎవరు చెబుతారు ఈ పాఠం? కొత్తగా పోస్టులు మంజూరయ్యే దాకా ఆగుదామంటే మన మనవలు కూడా ఆ వరసలోనే నిలబడతారు. చెప్పేవాళ్లు బడిలోనే ఉన్నారు. మధ్యాహ్న భోజనం వండే అమ్మలు తెల్లవారి వచ్చి, వందమందికి పైగా పిల్లలకు పదకొండున్నరకల్లా అన్నం దింపుతారు. వాళ్లకిచ్చే గౌరవ వేతనం 2019లో నెలకు వెయ్యి నుంచి మూడు వేలు అయింది. ఈ పనికి అది చాలా తక్కువ. సరుకుల బిల్లులు ఆలస్యమైతే షావుకారు దగ్గర అప్పు పెట్టి వండేదీ వాళ్లే. ఆ అమ్మను వారానికి ఒక పీరియడ్ తరగతి గదిలోకి పిలవండి. పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టాలి. ఆ గంటకు ఆమెకు వేరుగా డబ్బు ఇవ్వాలి, ఊరికే చెప్పించుకోవడం ఆమె శ్రమను మళ్లీ దోచుకోవడమే. పక్కన జీవశాస్త్రం మాస్టారో టీచరమ్మో ఉంటారు, కారణాలు వాళ్లు చెబుతారు. ఊళ్లో జొన్నరొట్టె తట్టగల ముసలమ్మ ఉంటే ఒక రోజు ఆమెను కుర్చీ వేసి కూర్చోబెట్టండి. జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా రమ్మని, పనులు నేర్పమని చెప్పింది. అందులో మూడు రోజులు తీసుకున్నా మొదలు పెట్టవచ్చు.

పదో తరగతి మార్కుల సంగతి ఏమిటని అడుగుతారు. వారానికి నలభై నిమిషాలు తీసినందుకు తగ్గే మార్కులు ఏమీ ఉండవు. పోషణ పాఠం ఇంకా బాగా వస్తుంది. దానికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతటా బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. మీలో చాలామంది వెళ్లారు, పిల్లల ప్రోగ్రెస్ కార్డు చూశారు, వాళ్లతో కూర్చుని అన్నం తిన్నారు. ఈసారి పిలిచినప్పుడు అన్నం బాగుందని చెప్పి లేచి రాకండి. హెడ్మాస్టరు గారి ఎదుట నిలబడి, ఆరో తరగతి నుంచి ఆడా మగా పిల్లలందరికీ వారానికి ఒక పీరియడ్ వంట పాఠం పెట్టమని, ఆ పాఠం వంట చేసే అమ్మ చేత చెప్పించమని, ఆమెకు అందుకు డబ్బు ఇవ్వమని అడగండి. తల్లిదండ్రుల కమిటీ చేత తీర్మానం రాయించి సంతకాలు పెట్టండి. క్రోసూరు మండలంలో ఒక్క బడి మొదలుపెట్టినా చాలు, మిగతా బడుల వాళ్లు వచ్చి చూసి వెళతారు. మొదలుపెట్టిన బడికి రెండు చిన్న పొయ్యిలు, ఒక తూకం, పది గిన్నెలు నేను కొనిస్తాను.